కిలో రెండు రూపాయల బియ్యం: డెల్టా నేలలో ఒక పథకం కథ

గోదావరి డెల్టాను అన్నపూర్ణ అనడంలో అబద్ధం లేదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు పారి, వానకోసం ఎదురుచూసే చేలు మాగాణులయ్యాయి. అయితే ఊరినిండా ధాన్యం ఉన్నంత మాత్రాన ప్రతి ఇంటా అన్నం ఉడకదు. పొలమున్న వాళ్ల గాదెలో గింజలుంటాయి. కూలికెళ్లే వాళ్లకి పని ఉన్నన్నాళ్లే తిండి. ఊడ్పులయ్యాక కోతలొచ్చేదాకా, మళ్లీ వేసవిలో కాలువలు కట్టేశాక పని దొరకదు. వరి నాటిన చేతులే బియ్యం కొనుక్కోలేక పస్తులుండే ఆ రోజుల్లోంచే చౌక బియ్యం అవసరం పుట్టింది.

సర్కారు బియ్యం కొలిచి పంచడం రెండో ప్రపంచయుద్ధం నాడు మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీకి అప్పట్లో బర్మా బియ్యం ఓడల్లో వచ్చేది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది. రంగూన్ వెళ్లి బతుకుతున్న గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. మరుసటేడు బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. ధాన్యం సేకరణ, రేషను, ధరల కంట్రోలు అప్పుడు గట్టిపడ్డాయి. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఆ కంట్రోళ్లను ఎత్తేశారు. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. మిల్లర్లు తాము ఆడించిన బియ్యంలో కొంత వాటాను లెవీ కింద సర్కారు ధరకి అప్పగించాల్సి వచ్చేది.

చౌక బియ్యం వచ్చేదాకా పేదిల్లు గడుపుకునే ఉపాయాలు వేరు. కోతల్లో కూలికింద వచ్చిన ధాన్యాన్ని కుండల్లో దాచుకునేవారు. అది అడుగంటాక రైసుమిల్లు దగ్గర చవగ్గా దొరికే నూకలే దిక్కు. గుప్పెడు నూకల్లో నీళ్లెక్కువ పోసి కాస్తే నలుగురికి జావ అయ్యేది. రాత్రి అన్నం మిగిలితే గంజి పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తిని పొలానికెళ్లేవారు.

ఈ పరిస్థితి 1983లో మారింది. అంతకుముందు ఏడాది చివర్లో ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేదలకి కిలో 1.90 రూపాయలకే బియ్యం ఇస్తామన్నారు. ఎన్నికల బరిలో దిగిన ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయలన్నారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యాక, ఆ ఏడాదే పథకం అమల్లోకి వచ్చింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి 25 కిలోలకు మించకుండా ఇచ్చేవారు. అంటే యాభై రూపాయలకి పాతిక కిలోలు. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసే ఐదుగురున్న ఇంట్లో రోజుకి రెండు కిలోలు ఉడికితే అవి పన్నెండు రోజులకే చెల్లిపోతాయి. మిగతా రోజులకి బయట కొనాల్సిందే. అయినా ఆ పన్నెండు రోజులూ అప్పు కోసం షావుకారు గుమ్మం తొక్కక్కర్లేదు. ఆదా అయిన డబ్బు కందిపప్పుకో, నూనెకో, పిల్లల పలకాబలపాలకో అక్కరకొచ్చేది. పథకం విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ధర తగ్గిస్తే చాలదు, పంచడానికి గింజ ఉండాలి. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, సరిగ్గా 1982లో విడుదలైంది. ఎరువు తక్కువ వేసినా దిగుబడి బాగా ఇచ్చే ఈ వంగడం డెల్టా దాటి ఒడిశాకీ, బెంగాల్‌కీ, బంగ్లాదేశ్‌కీ పాకింది. చౌక బియ్యం చరిత్రలో ముఖ్యమంత్రుల పేర్ల పక్కనే మార్టేరు శాస్త్రవేత్తల పనికీ చోటుండాలి.

ఆ తర్వాత ధర ఎక్కుతూ దిగుతూ వచ్చింది. మధ్యలో పెరిగినా 1994 చివర్లో ఎన్టీఆర్ మళ్లీ వచ్చాక రెండు రూపాయలయింది. 1996లో 3.50కి, తర్వాత 5.25కి చేరింది. వైఎస్ రాజశేఖరరెడ్డి 2008లో తిరిగి రెండు రూపాయలు చేశారు. 2011 నవంబరు 1న కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయికి దించారు. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకి 5 కిలోలను హక్కుగా మార్చింది. 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితంగానే ఇస్తోంది.

కూరగాయలను చవగ్గా అందించే పని రైతుబజార్లు చేశాయి. 1999 జనవరి 26న మొదలైన వీటిలో రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకుంటాడు. ఏ కూర ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది.

వంటింట్లో కోటా బియ్యానికి ఇల్లాళ్లు తమ పద్ధతి తాము కనిపెట్టుకున్నారు. చేటలో చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, మూడు నీళ్లు పోసి కడుగుతారు. అన్నానికి నచ్చకపోతే ఆరబెట్టి నూక పట్టిస్తారు. గ్లాసు మినప్పప్పు రుబ్బి, రెండు గ్లాసుల నూక కలిపి, మందపాటి మూకుట్లో సన్నసెగ మీద కాలిస్తే దిబ్బరొట్టె. పైన పెచ్చు ఎర్రగా, లోపల మెత్తగా ఉండే ఆ రొట్టె ఇంటిల్లిపాదికీ పొద్దుటి ఆకలి తీరుస్తుంది.

అయితే చౌక బియ్యం భారం రైతు మీద పడకూడదు. బియ్యం రూపాయికి దిగిన 2011లోనే, ఖరీఫ్‌లో, గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడుపడ్డాయి. కారణాలు తెలుసుకోవడానికి ప్రభుత్వం మోహన్‌కందా కమిటీని వేయాల్సి వచ్చింది. తినేవాడికి ధర తగ్గించాలంటే పండించేవాడికి ధర నిలబెట్టాలి. ఆ తేడాను ఖజానా భరించాలి.

రెండో సమస్య నాణ్యత. ఇంట్లో తినబుద్ధికాని బియ్యం బ్రోకర్ల చేతికి పోతుంది. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ఆఫ్రికాకు వెళ్లాల్సిన ఓడలో రేషన్ బియ్యం పట్టుబడటం ఆ బాట ఎంత దూరం పోయిందో చూపింది. దాడులూ కేసులూ అవసరమే. కానీ ఇష్టంగా వండుకునే బియ్యాన్ని ఎవరూ అమ్ముకోరు. తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టింది. గోదావరి జిల్లాల్లో కూడా ప్రతి కార్డుకీ సన్నబియ్యమే అందాలి, అది పండించిన రైతుకి గిట్టుబాటు ధర దక్కాలి. నాలుగు దశాబ్దాల కిందట మొదలైన పనికి మిగిలిన సగం ఇదే.