అంబులెన్సు చదువుకు అరవై ఏళ్లు

అంబులెన్సులో రోగి పక్కన కూర్చునే మనిషికి ప్రత్యేకమైన చదువు ఉండాలన్న ఆలోచన పుట్టి అరవై ఏళ్లే అయింది. ఆ చదువు ఒకసారితో తీరేది కాదని తెలిసిరావడానికి మరికొంత కాలం పట్టింది. 1960ల అమెరికాలో అంబులెన్సు సర్వీసుల్లో దాదాపు సగం అంత్యక్రియలు జరిపించే సంస్థల చేతిలోనే ఉండేవి. కారణం చాలా మామూలుది. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లగలిగినంత పొడవైన బండి ఊళ్లో వాళ్ల దగ్గరే ఉండేది. పొద్దున ఆసుపత్రికి వెళ్లిన బండే సాయంత్రం శ్మశానానికి వెళ్లేది. తోలేవాడికి ప్రథమ చికిత్స వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎక్కించుకుని వేగంగా పోవడమే పని.

1966లో అక్కడి జాతీయ సైన్సు అకాడమీ, జాతీయ పరిశోధన మండలి కలిసి ఒక నివేదిక వెలువరించాయి. అంతకు ముందటి ఏడాది ఆ దేశంలో ప్రమాదాలకు 1,07,000 మంది బలయ్యారని, అందులో 49,000 మంది వాహన ప్రమాదాల్లో పోయారని అది లెక్క చెప్పింది. నగర వీధిలో దెబ్బ తగిలినవాడి కన్నా యుద్ధరంగంలో గాయపడ్డ సైనికుడు బతికి బయటపడే అవకాశమే ఎక్కువన్న అనుభవజ్ఞుల మాటను కూడా చేర్చింది. అదే ఏడాది రహదారి భద్రత చట్టం వచ్చింది. అంబులెన్సు సిబ్బందికి దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక తయారు చేయించే బాధ్యత దానితో రవాణా శాఖ నెత్తిన పడింది. వైద్యానికి సంబంధించిన ఈ చదువు ఆ దేశంలో ఇప్పటికీ రోడ్ల శాఖ నీడలోనే ఉండడానికి మూలం అక్కడుంది.

పాఠ్యప్రణాళిక కాగితం మీదికి రాకముందే పిట్స్‌బర్గ్‌లో పని మొదలైంది. నగరంలోని హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతివారి పేట. అక్కడ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పోలీసు వ్యాను రావాలి, అదీ వస్తే. 1967లో ఆ పేటలో ఫ్రీడం హౌస్ అంబులెన్సు సర్వీసు ఏర్పడింది. నోటితో ఊపిరి పోసే పద్ధతికి శాస్త్రీయ ఆధారం చూపిన మత్తు వైద్యుడు పీటర్ సఫార్ దాని శిక్షణను రూపొందించారు. ఉద్యోగం సద్యోగం లేని స్థానిక యువకులను, బడి మధ్యలో మానేసినవాళ్లను కూడా, చేర్చుకుని దాదాపు 300 గంటల పాఠాలు చెప్పించారు. ఎక్కువచోట్ల ప్రథమ చికిత్స కార్డుతోనే సరిపెడుతున్న రోజులవి.

ఫ్రీడం హౌస్ పేరు ఈ చరిత్రలో నిలవడానికి అసలు కారణం ఆ తరువాత వస్తుంది. 1974లో నాన్సీ కరోలిన్ అనే యువ డాక్టరు అక్కడ వైద్య బాధ్యతలు తీసుకున్నారు. ఆమె సిబ్బందితో పాటు బండెక్కేవారు. వాళ్లు రోగికి ఏం చేశారో, ఏది చేయలేదో తరువాత కూర్చోబెట్టి తప్పొప్పులతో సహా చర్చించేవారు. పని చేస్తున్నవాడికి ఆ పని మీదే పాఠం చెప్పడం అన్నది ఇది. నేటి నిరంతర శిక్షణలో కేసుల సమీక్ష అని పిలిచేదంతా దీనికి కొనసాగింపే. 1975లో నగర పాలక సంస్థ సొంత సర్వీసు పెట్టుకుని ఫ్రీడం హౌస్‌ను మూసేసింది. ఆ శిక్షణ పొందినవారిలో చాలామంది కొత్త సర్వీసులో నిలవలేకపోయారు. కరోలిన్ అనుభవం మాత్రం 1979లో ‘ఎమర్జెన్సీ కేర్ ఇన్ ద స్ట్రీట్స్’ అనే పాఠ్యపుస్తకంగా వచ్చి, కొత్త ముద్రణలతో తరాల తరబడి పారామెడిక్కుల చేతుల్లో నలిగింది. నేర్పినవాళ్ల పేరు నిలిచినంతగా నేర్చినవాళ్ల పేర్లు నిలవలేదు.

ఈలోగా 1970లో అమెరికాలో అత్యవసర వైద్య సిబ్బందికి జాతీయ రిజిస్ట్రీ ఏర్పడి, మరుసటి ఏడాది మొదటి పరీక్ష జరిపింది. ఈ సంస్థ తెచ్చిన మార్పు పరీక్ష పెట్టడం ఒక్కటే కాదు, ఇచ్చిన సర్టిఫికెట్టుకు గడువు పెట్టడం. డాక్టరు పట్టా గోడకెక్కితే ఇక దిగదు. అంబులెన్సు మనిషి యోగ్యతకు రెండేళ్లే ఆయుష్షు. గడువు లోపల నిర్ణీత గంటల తరగతులకు హాజరై రుజువు చూపాలి, లేదా మళ్లీ పరీక్ష రాయాలి. తరువాత వచ్చిన పద్ధతిలో పారామెడిక్‌కు రెండేళ్లకు 60 గంటలుగా లెక్క కట్టారు. అందులో సగం దేశమంతటికీ ఉమ్మడి పాఠాలు, పావు వంతు స్థానిక అవసరాలకు, మిగతా పావు సొంత ఎంపికకు.

గాయాల చికిత్సకు విడిగా ఒక కోర్సు పుట్టడం వెనుక ఒక విషాదం ఉంది. 1976 ఫిబ్రవరిలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల శస్త్రవైద్యుడు భార్యాపిల్లలతో సొంత విమానం నడుపుకుంటూ వెళ్తుండగా అది నెబ్రాస్కాలోని ఒక పొలంలో కూలింది. భార్య అక్కడికక్కడే చనిపోయారు. గాయపడ్డ పిల్లలతో ఆయన రోడ్డు మీదికి వచ్చి, ఒక కారు ఆపి, దగ్గరి చిన్న ఆసుపత్రికి చేరారు. తీరా అక్కడ పిల్లలకు అందిన చికిత్స, పొలంలో తాను ఒట్టి చేతులతో చేసినదానికన్నా నాసిగా ఉందని ఆయన వాపోయారు. ఆ ఆవేదన నుంచే రెండేళ్లకు గ్రామీణ ఆసుపత్రుల వైద్యుల కోసం ఒక కోర్సు రూపొందింది. 1980లో అమెరికా శస్త్రవైద్యుల కళాశాల దాన్ని సొంతం చేసుకుంది. అదే ఏటీఎల్ఎస్. ముందు ఊపిరి దారి, తరువాత శ్వాస, ఆ తరువాత రక్తప్రసరణ అన్న వరుసే అప్పట్లో దాని ప్రాణం.

డాక్టర్లకు చెప్పిన ఈ వరుసను అంబులెన్సు సిబ్బందికి తగ్గట్టు మలచినవి రెండు. అలబామాలో జాన్ క్యాంబెల్ చొరవతో 1982లో మొదలైన బీటీఎల్ఎస్ ఒకటి, అదే తరువాత ఐటీఎల్ఎస్ అయింది. నార్మన్ మెక్‌స్వెయిన్ ముందుండి నడిపిన పీహెచ్‌టీఎల్ఎస్ రెండోది. రెండూ రెండు మూడు రోజుల్లో ముగిసే కోర్సులు. ఉద్యోగం మానకుండా వెళ్లి రావచ్చు. బొమ్మ మీద, రక్తం పూసుకుని నటించే మనిషి మీద చేసి చూపించాలి. ఈ సర్టిఫికెట్లకూ గడువు ఉంది.

గడువులు ఎందుకన్నదానికి జవాబు ఆ పాఠాల చరిత్రలోనే దొరుకుతుంది. వియత్నాం యుద్ధం నుంచి గాలి నింపే ప్యాంటు ఒకటి వచ్చింది. కాళ్లకు, పొట్టకు తొడిగి బిగిస్తే పడిపోతున్న రక్తపోటు నిలబడుతుందన్నారు. చాలా రాష్ట్రాల్లో అంబులెన్సులో ఉండి తీరాల్సిన సామాన్ల జాబితాలోకి ఎక్కించారు. 1989లో హూస్టన్‌లో జరిగిన అధ్యయనంలో అది తొడిగిన వారిలోనే మరణాలు ఎక్కువని తేలింది. కత్తిపోటుకూ తూటా దెబ్బకూ దారిలోనే సెలైన్ ధారాళంగా ఎక్కించమని చెప్పిన పాఠం కూడా అంతే. అదే నగరంలో 598 మంది మీద జరిగి 1994లో వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్ దాకా సెలైన్ ఆపినవారిలో 70 శాతం, వెంటనే ఎక్కించినవారిలో 62 శాతం బతికారు. వెన్నెముకకు దెబ్బ తగిలిందేమోనన్న అనుమానంతో ప్రతి క్షతగాత్రుణ్ణీ గట్టి చెక్కకు పట్టీలతో బిగించడం ఒక తరానికి చేతి అలవాటైపోయింది. 1998లో న్యూమెక్సికో రోగులనూ, అలా బిగించే ఆచారమే లేని మలేసియా రోగులనూ పోల్చి చూస్తే, బిగించనందువల్ల మలేసియా వాళ్లకు కీడు జరిగిన ఆనవాలు కనబడలేదు. అయినా ఆ చెక్క వాడకం తగ్గించాలని వైద్య సంఘాలు ఉమ్మడిగా చెప్పడానికి 2013 దాకా పట్టింది. కొత్తది నేర్చుకోవడం కన్నా చేతికి పట్టిన అలవాటు వదిలించుకోవడమే కష్టమని ఈ పదిహేనేళ్ల జాప్యం చూస్తే తెలుస్తుంది.

రక్తం కారకుండా కాలికో చేతికో బిగించే పట్టీ టోర్నికే. దాని కథ దీనికి తలకిందులు. కాలో చెయ్యో కుళ్లిపోతుందన్న భయంతో చాలా ఏళ్లు దాన్ని చివరి గతిగా మాత్రమే నేర్పారు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో సకాలంలో బిగించిన సైనికులు బతకడం చూశాక అది మొదటి వరుసకు వచ్చింది. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా పట్టీ వేయాలి. రక్తం ఆగేదాకా పుల్ల తిప్పాలి. బిగించిన వేళ కనబడేలా రాయాలి. నొప్పితో రోగి అరిచినా వదులు చేయకూడదు. నేర్చుకోవడానికి గంట చాలదు, మరిచిపోవడానికి ఆరు నెలలు చాలు. ఛాతీ నొక్కే విద్యదీ అదే తీరు. 2005లో 15 నొక్కులకు రెండు ఊపిర్లన్న లెక్క 30కి రెండుగా మారినప్పుడు, లెక్కతో పాటు తగ్గిపోయిన చేతి పట్టునూ మళ్లీ తెచ్చుకోవలసి వచ్చింది.

తెలుగునాట ఈ చదువు 108 అంబులెన్సు సేవతో వచ్చింది. హైదరాబాద్‌లో బి. రామలింగరాజు నెలకొల్పిన ఈఎంఆర్ఐ 2005 ఆగస్టు 15న సేవలు మొదలుపెట్టింది. కుయ్ కుయ్‌మంటూ వచ్చే బండిలో ఇద్దరుంటారు. తోలేవాడిని పైలట్ అంటారు, వెనక రోగి దగ్గర ఉండేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. సైన్సు డిగ్రీ చదివిన పిల్లలను తీసుకుని, కొన్ని వారాల శిక్షణతో ఈఎంటీలుగా తయారు చేశారు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యుల తోడ్పాటుతో రెండేళ్ల పారామెడిక్ కోర్సు కూడా మొదలైంది. అందులో ముందుగా తయారైనవారిలో ఇతరులకు పాఠాలు చెప్పేవాళ్లూ ఉన్నారు. కొత్త రాష్ట్రాలకు సేవ విస్తరించాలంటే అది తప్పనిసరి. 2009లో రామలింగరాజు కంపెనీ సత్యంలో కుంభకోణం బయటపడ్డాక ఈఎంఆర్ఐ జీవీకే సంస్థ చేతికి వచ్చింది.

అమెరికా పాఠాలు ఇక్కడికి వచ్చాక వాటి తూకం మారింది. 108కి వచ్చే పిలుపుల్లో పెద్ద వాటా కాన్పులది. నొప్పులు పడుతున్న మనిషిని మండల కేంద్రం దాకా తీసుకొచ్చే లోపే బండిలో బిడ్డ పుడుతుంది. అందువల్ల పునశ్చరణ తరగతుల్లో బొడ్డు కోయడం, తల్లికి రక్తస్రావం ఆపడం తెలిసి తీరాలి. తరువాత పురుగుమందు తాగినవాళ్లు. నోట్లో, ఊపిరితిత్తుల్లో ఊరే ద్రవం ఆరేదాకా అట్రోపిన్ ఇస్తూ పోవాలన్నది పడమటి దేశాల పాఠాల్లో ఒక మూల దొరికే సంగతి, ఇక్కడ నడిమధ్య పాఠం. పాము కాటు దగ్గర మరో చిక్కు. పొలం నుంచి వచ్చే రోగి కాలికి అప్పటికే తాడు బిగించి ఉంటుంది. అలా కట్టొద్దని చెప్పాలి. తెగి కారుతున్న రక్తానికైతే బిగించి కట్టమని, కాటుకైతే కట్టవద్దని ఒకే రోజు తరగతిలో చెప్పి ఒప్పించడం బోధకుడికి చిన్న పని కాదు.

బండిలో ఉన్న ఈఎంటీ సందేహం వస్తే కాల్ సెంటరులోని డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతాడు. లెక్కకు ఇది చికిత్సకు అనుమతి తీసుకోవడమే అయినా, చాలామందికి నిజమైన నిరంతర విద్య ఆ ఫోనులోనే జరుగుతుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసేవాడికి తరగతి గదికి వచ్చే తీరిక అంత సులువుగా దొరకదు.

2021 దాకా ఈ వృత్తికి దేశంలో చట్టబద్ధమైన రిజిస్టరు లేదు. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును గుర్తించిన వృత్తుల జాబితాలో చేర్చి, పేర్లు నమోదు చేసే పనిని రాష్ట్ర మండళ్లకు అప్పగించింది. అంతవరకూ ఎవరికి ఎప్పుడు పునశ్చరణ జరగాలన్నది అంబులెన్సులు నడిపే సంస్థకూ ప్రభుత్వానికీ మధ్య కుదిరే ఒప్పందం మీదే ఆధారపడుతూ వచ్చింది.