1991 ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ – పురుషుల లాంగ్ జంప్

1991 ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ పోటీలలో భాగంగా పురుషుల లాంగ్ జంప్ ఫైనల్ 1991, ఆగస్టు 30న జపాన్ రాజధాని టోక్యోలోని జాతీయ స్టేడియంలో జరిగింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మైక్ పావెల్ 8.95 మీటర్ల దూరం దూకి స్వర్ణపతకాన్ని గెలుచుకున్నాడు. అదే దేశానికి చెందిన కార్ల్ లూయీస్ 8.91 మీటర్లతో రజతాన్ని, లారీ మైరిక్స్ 8.42 మీటర్లతో కాంస్యాన్ని సాధించారు. పావెల్ దూకిన 8.95 మీటర్లతో 1968 నుండి చెక్కుచెదరక ఉన్న బాబ్ బీమన్ ప్రపంచ రికార్డు (8.90 మీటర్లు) తొలగిపోయింది. పదేళ్ళుగా లాంగ్ జంప్‌లో ఓటమి ఎరుగని కార్ల్ లూయీస్ విజయపరంపర కూడా ఈ పోటీతోనే ముగిసింది. అథ్లెటిక్స్ చరిత్రలో అత్యుత్తమమైన ఫీల్డు పోటీలలో ఒకటిగా దీనిని పరిగణిస్తారు.

నేపథ్యం

లాంగ్ జంప్‌లో ప్రపంచ రికార్డులు తరచుగా మారవు. అమెరికాకు చెందిన జెస్సీ ఓవెన్స్ 1935లో నెలకొల్పిన 8.13 మీటర్ల రికార్డు 25 సంవత్సరాల పాటు నిలిచింది. దానిని 1960లో రాల్ఫ్ బోస్టన్ 8.21 మీటర్లతో అధిగమించాడు. ఆ తర్వాత బోస్టన్, సోవియట్ యూనియన్‌కు చెందిన ఇగోర్ తెర్-ఒవనేస్యాన్ పోటీపడి ఆ దూరాన్ని కొద్ది కొద్దిగా పెంచుకుంటూ 8.35 మీటర్ల వరకు తీసుకువచ్చారు.

1968, అక్టోబర్ 18న మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడల ఫైనల్‌లో బాబ్ బీమన్ తన మొదటి ప్రయత్నంలోనే 8.90 మీటర్లు దూకాడు. ఒకే ఒక్క దూకుతో ప్రపంచ రికార్డు 55 సెంటీమీటర్లు పెరిగింది. దూరాన్ని కొలవడానికి అక్కడ అమర్చిన దృశ్య పరికరం అంత దూరం చేరలేకపోగా, నిర్వాహకులు ఉక్కు టేపు తెప్పించి కొలవవలసి వచ్చింది. మెక్సికో నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉండుట వలన అక్కడ గాలి సాంద్రత తక్కువ. ఆ సమయంలో వెనుక నుండి వీచిన గాలి వేగం సెకనుకు సరిగ్గా 2.0 మీటర్లుగా నమోదైంది. నిబంధనలు అనుమతించే గరిష్ఠ పరిమితి అదే. పరిస్థితులు ఇంతగా కలిసివచ్చిన ఈ రికార్డును సముద్రమట్టం దగ్గర ఎవరూ దాటలేరని చాలామంది భావించారు.

1980 దశకంలో ఆ రికార్డుకు చేరువగా వచ్చినవారిలో ముఖ్యుడు కార్ల్ లూయీస్. 1984, 1988 ఒలింపిక్ క్రీడలలోను, 1983, 1987 ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలలోను లాంగ్ జంప్ స్వర్ణాలు అతడివే. 1981 ఫిబ్రవరిలో లారీ మైరిక్స్ చేతిలో ఓడిన తర్వాత అతడు లాంగ్ జంప్‌లో వరుసగా 65 పోటీలలో నెగ్గాడు. సోవియట్ యూనియన్‌కు చెందిన రాబర్ట్ ఎమ్మియాన్ 1987లో ఆర్మేనియాలోని త్సాఖ్కాద్జోర్‌లో 8.86 మీటర్లు దూకి బీమన్ రికార్డుకు 4 సెంటీమీటర్ల దూరంలో నిలిచిపోయాడు.

మైక్ పావెల్

మైక్ పావెల్ 1963, నవంబర్ 10న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించాడు. పాఠశాలలో చదివే రోజులలో ఇతడు హై జంప్ క్రీడాకారుడు. లాంగ్ జంప్‌లో రాండీ హంటింగ్టన్ ఇతడికి శిక్షకుడు. వేగంగా పరుగెత్తుకు వచ్చి బోర్డు దాటి అడుగు వేయడం ఇతడి ప్రధాన లోపంగా ఉండేది. తరచుగా ఫౌల్ చేయుట వలన తోటి క్రీడాకారులు ఇతడిని "మైక్ ఫౌల్" అని ఎగతాళి చేసేవారు. 1988 సియోల్ ఒలింపిక్ క్రీడలలో లూయీస్ 8.72 మీటర్లతో స్వర్ణం గెలువగా, పావెల్ 8.49 మీటర్లతో రజతం పొందాడు. అక్కడ కూడా మూడవ స్థానం మైరిక్స్‌దే. టోక్యో పోటీకి ముందు లూయీస్‌తో తలపడిన ప్రతిసారీ పావెల్ ఓడిపోయాడు. 1991 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన అమెరికా జాతీయ పోటీలలో లూయీస్ ఇతడిని ఒక్క సెంటీమీటరు తేడాతో ఓడించాడు. ఓటమే అయినప్పటికీ ఇద్దరి మధ్య దూరం ఎంత తగ్గిపోయిందో ఆ పోటీలో తేలిపోయింది.

నియమాలు

ఫైనల్‌లో ప్రతి క్రీడాకారుడికి మొదట మూడు అవకాశాలు ఇస్తారు. అప్పట్లో మూడు రౌండ్ల తర్వాత మొదటి ఎనిమిది స్థానాలలో ఉన్నవారికి మరో మూడు అవకాశాలు లభించేవి. ఆరు ప్రయత్నాలలో అత్యధిక దూరాన్ని బట్టి స్థానాన్ని నిర్ణయిస్తారు. 20 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డు ముందు అంచును దాటి పాదం మోపితే ఆ ప్రయత్నం ఫౌల్ అవుతుంది, దాని దూరాన్ని కొలవరు.

ఈ పోటీని అర్థం చేసుకోవడానికి గాలికి సంబంధించిన నియమం ముఖ్యమైనది. వెనుక నుండి వీచే గాలి పరుగు వేగాన్ని పెంచి దూకే దూరానికి తోడ్పడుతుంది. అందుచేత ప్రతి ప్రయత్నానికీ గాలి వేగాన్ని విడిగా నమోదు చేస్తారు. అది సెకనుకు 2.0 మీటర్లు మించితే ఆ దూరం రికార్డుగా చెల్లదు. కాని ఆ పోటీలో స్థానాన్ని, పతకాన్ని నిర్ణయించడానికి మాత్రం అది చెల్లుతుంది. కనుక గాలి సహాయంతో దూకినవాడు ఛాంపియన్ కావచ్చును గాని ప్రపంచ రికార్డు పొందలేడు. టోక్యోలో ఆ సాయంత్రం గాలి నిలకడగా లేదు. ఒక ప్రయత్నానికి బలంగా వీచి, కొద్ది నిమిషాలకే మరో ప్రయత్నం నాటికి దాదాపుగా ఆగిపోయింది.

పోటీ జరిగిన తీరు

ఫైనల్ ప్రారంభమయ్యే నాటికి లూయీస్ మంచి ఊపులో ఉన్నాడు. ఐదు రోజుల ముందు, ఆగస్టు 25న, ఇదే స్టేడియంలో అతడు 100 మీటర్ల పరుగును 9.86 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు సృష్టించాడు. మొదటి ప్రయత్నంలోనే 8.68 మీటర్లు దూకి ఆధిక్యం సంపాదించాడు. పావెల్ మొదటి ప్రయత్నం 7.85 మీటర్లు మాత్రమే.

రెండవ రౌండులో పావెల్ 8.54 మీటర్లతో రెండవ స్థానానికి చేరుకున్నాడు. లూయీస్ ఫౌల్ చేశాడు. మూడవ రౌండులో లూయీస్ 8.83 మీటర్లు దూకాడు, కాని గాలి వేగం 2.3గా నమోదైంది. పావెల్ 8.29 మీటర్ల వద్ద ఆగాడు.

నాలుగవ రౌండులో పావెల్ చాలా దూరం దూకినప్పటికీ అధికారులు దానిని ఫౌల్‌గా ప్రకటించారు. అతడు ఆ నిర్ణయం పట్ల అసంతృప్తిని బహిరంగంగానే వ్యక్తం చేశాడు. అదే రౌండులో లూయీస్ 8.91 మీటర్లు దూకాడు. అప్పటివరకు ఏ పరిస్థితులలోనైనా మానవుడు దూకిన అత్యధిక దూరం అదే. బీమన్ దూకిన దూరం కంటె అది ఒక సెంటీమీటరు ఎక్కువ. అయితే గాలి వేగం 2.9గా ఉండుట వలన అది ప్రపంచ రికార్డు కాలేదు. ఆ దశలో పావెల్ కంటె లూయీస్ 37 సెంటీమీటర్ల ముందున్నాడు. అతడికి స్వర్ణపతకం ఖాయమైనట్లే కనిపించింది.

ఐదవ రౌండులో పావెల్ పరుగు తీసి బోర్డును సక్రమంగా తాకి దూకాడు. కొలత వెలువడే వరకు కొన్ని క్షణాలు స్టేడియం అంతా ఎదురుచూచింది. ఫలకంపై 8.95 అని కనిపించింది. గాలి వేగం 0.3 మాత్రమే. ఆ రోజు తన అంతకుముందరి అత్యుత్తమ దూరం కంటె 41 సెంటీమీటర్లు ఎక్కువగా దూకి, పావెల్ ఒకేసారి లూయీస్ ఆధిక్యాన్ని, బీమన్ రికార్డును దాటాడు. 29 అడుగుల 4 అంగుళాలకు పైబడిన ఈ దూరంతో, 22 ఏళ్ళ 10 నెలలకు పైగా నిలిచిన రికార్డు మారిపోయింది.

అయినప్పటికీ పోటీ ముగియలేదు. లూయీస్‌కు ఇంకా రెండు ప్రయత్నాలు మిగిలి ఉన్నాయి. ఐదవ ప్రయత్నంలో అతడు 0.2 వేగం గల ఎదురుగాలిలో 8.87 మీటర్లు దూకాడు. నిబంధనలకు లోబడిన పరిస్థితులలో లూయీస్ జీవితకాలపు అత్యుత్తమ దూరం ఇదే. చివరి ప్రయత్నంలో అతడు 8.84 మీటర్లు దూకాడు. పావెల్ చివరి ప్రయత్నం ఫౌల్ అయింది. లూయీస్ ఆఖరి కొలత ప్రకటించిన తర్వాతనే పావెల్ విజయం నిర్ధారణ అయింది.

ప్రయత్నాల వివరాలు

దూరాలు మీటర్లలో ఇవ్వబడినవి. * గుర్తు ఉన్నవి గాలి వేగం పరిమితిని మించినవి.

మైక్ పావెల్: 7.85 – 8.54 – 8.29 – ఫౌల్ – 8.95 – ఫౌల్
కార్ల్ లూయీస్: 8.68 – ఫౌల్ – 8.83* – 8.91* – 8.87 – 8.84

మొదటి నాలుగు స్థానాలు:
1. మైక్ పావెల్ (అమెరికా) – 8.95 (ప్రపంచ రికార్డు)
2. కార్ల్ లూయీస్ (అమెరికా) – 8.91*
3. లారీ మైరిక్స్ (అమెరికా) – 8.42
4. డీట్‌మార్ హాఫ్ (జర్మనీ) – 8.22

విశ్లేషణ

పై వివరాలను పరిశీలించినచో ఇద్దరి ప్రదర్శనల మధ్య తేడా స్పష్టమవుతుంది. లూయీస్ కొలతకు వచ్చిన ఐదు ప్రయత్నాల సగటు 8.82 మీటర్లకు పైగా ఉంది. పావెల్ దూకిన మిగిలిన మూడు దూరాలలో ఏ ఒక్కటీ లూయీస్ మొదటి ప్రయత్నమైన 8.68 మీటర్లను కూడా అందుకోలేదు. నిలకడను బట్టి చూస్తే ఆ రోజు లూయీస్‌దే పైచేయి. కాని లాంగ్ జంప్‌లో విజేతను నిర్ణయించేది సగటు కాదు, ఒక్క ఉత్తమ ప్రయత్నం. లాంగ్ జంప్ చరిత్రలోనే అత్యుత్తమమైన వరుస ప్రయత్నాలు చేసిన క్రీడాకారుడు రెండవ స్థానంతో సరిపెట్టుకోవలసి రావడం ఈ పోటీ ప్రత్యేకత.

బీమన్ రికార్డుతో పోల్చినప్పుడు మరొక విషయం గమనించదగినది. పావెల్ దూకినది సముద్రమట్టానికి సమీపంలో ఉన్న నగరంలో, నామమాత్రపు గాలిలో. ఎత్తైన ప్రదేశము, పరిమితి అంచున ఉన్న గాలి లేకుండానే 8.90 మీటర్లను దాటవచ్చునని దీనితో రుజువైంది.

తరువాతి పరిణామాలు

లూయీస్ 1991, సెప్టెంబర్ 1న అమెరికా జట్టుతో కలిసి 4×100 మీటర్ల రిలేలో 37.50 సెకన్ల ప్రపంచ రికార్డుతో మరో స్వర్ణం సాధించాడు. ఒలింపిక్ క్రీడలలో మాత్రం లాంగ్ జంప్‌లో అతడి ఆధిపత్యం కొనసాగింది. 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో లూయీస్ 8.67 మీటర్లు, పావెల్ 8.64 మీటర్లు దూకారు. టోక్యోలో 4 సెంటీమీటర్లతో గెలిచిన పావెల్ బార్సిలోనాలో 3 సెంటీమీటర్లతో ఓడిపోయాడు. 1996 అట్లాంటాలో లూయీస్ వరుసగా నాలుగవ ఒలింపిక్ లాంగ్ జంప్ స్వర్ణాన్ని గెలుచుకున్నాడు. పావెల్‌కు ఒలింపిక్ స్వర్ణం దక్కనే లేదు. ఇతడు 1993 స్టట్‌గార్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 8.59 మీటర్లతో మళ్ళీ స్వర్ణం, 1995 గోథెన్‌బర్గ్‌లో కాంస్యం పొందాడు. 1991 సంవత్సరానికి గాను అమెరికాలోని జేమ్స్ ఇ. సల్లివన్ పురస్కారం ఇతడికి లభించింది.

రికార్డు మన్నిక

పావెల్ రికార్డు 2025 ఆగస్టుతో 34 ఏళ్ళు పూర్తిచేసుకుంది. ఓవెన్స్, బీమన్ రికార్డుల కంటె ఎక్కువ కాలం నిలిచిన రికార్డు ఇది. 1992లో ఇటలీలోని సెస్ట్రియేర్‌లో పావెలే 8.99 మీటర్లు దూకాడు, కాని గాలి వేగం 4.4గా ఉండుట వలన అది చెల్లలేదు. 1995లో అక్కడే క్యూబాకు చెందిన ఇవాన్ పెద్రోసో 8.96 మీటర్లు దూకినప్పుడు, గాలిని కొలిచే పరికరానికి ఒక వ్యక్తి అడ్డుగా నిలబడినట్లు తేలడంతో అది రికార్డుగా గుర్తింపు పొందలేదు. 2019లో క్యూబాకే చెందిన హువాన్ మిగెల్ ఎచెవర్రియా 8.92 మీటర్లు దూకాడు, దానికి కూడా గాలి పరిమితిని మించింది. టోక్యో పోటీ తర్వాత నిబంధనలకు లోబడి ఎవరూ 8.74 మీటర్లను దాటలేదు. ఒలింపిక్ రికార్డు మాత్రం నేటికీ బీమన్ పేరిటనే ఉంది.

ఈ పోటీ జరిగిన స్టేడియం 1964 ఒలింపిక్ క్రీడలకు ప్రధాన వేదిక. దానిని 2015లో కూల్చివేసి అదే స్థలంలో కొత్త స్టేడియం నిర్మించారు. 2025 సెప్టెంబర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు అక్కడ జరిగినప్పుడు ఇటలీకి చెందిన మత్తియా ఫుర్లానీ 8.39 మీటర్లతో లాంగ్ జంప్ స్వర్ణం గెలిచాడు. 1991లో అదే చోట కాంస్యపతకానికి దూకిన దూరం ఇంతకంటె 3 సెంటీమీటర్లు ఎక్కువ.

భారతదేశంతో సంబంధం

భారతీయ క్రీడాకారిణి అంజూ బాబీ జార్జ్ 2003 పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ముందు మైక్ పావెల్ వద్ద శిక్షణ పొందింది. ఆ పోటీలలో ఆమె 6.70 మీటర్లు దూకి మహిళల లాంగ్ జంప్‌లో కాంస్యపతకం సాధించింది. ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో భారతదేశానికి లభించిన మొట్టమొదటి పతకం ఇదే. భారత పురుషులలో టి.సి.యోహానన్ 1974 టెహ్రాన్ ఆసియా క్రీడలలో 8.07 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. జెస్విన్ ఆల్డ్రిన్ 2023లో బళ్ళారిలో 8.42 మీటర్లతో జాతీయ రికార్డు నెలకొల్పాడు. టోక్యోలో మైరిక్స్‌కు కాంస్యం తెచ్చిపెట్టిన దూరం కూడా సరిగ్గా అంతే.