ఎలెవెన్ ఎలెవెన్

అమెరికన్ గిటారిస్టు, గీత రచయిత డేవ్ ఆల్విన్ 2011లో విడుదల చేసిన రూట్స్ రాక్ ఆల్బమ్. యెప్ రాక్ సంస్థ వెలువరించింది. ఇది ఆయన పదకొండో స్టూడియో ఆల్బమ్. ఆల్బమ్ పేరుకు తగ్గట్టే, ఆయన పుట్టినరోజు కూడా నవంబరు 11 (11/11).

కాలిఫోర్నియాలోని డౌనీలో 1955లో పుట్టిన ఆల్విన్, 1979లో అన్న ఫిల్‌తో కలిసి ‘ద బ్లాస్టర్స్’ బృందాన్ని స్థాపించాడు. బ్లూస్, కంట్రీ, తొలినాటి రాక్ అండ్ రోల్ కలిసిన ఆ బాణీయే ఈ ఆల్బమ్‌కూ ఆధారం. అయితే ఇందులో గిటారు మరింత కరుకుగా, బిగ్గరగా పలుకుతుంది.

పాటల్లో ఎక్కువ భాగం కథలే. ‘జానీ ఏస్ ఈజ్ డెడ్’ 1954 క్రిస్మస్ రోజున హ్యూస్టన్‌లో, కచేరీ విరామంలో తన పిస్తోలే పేలి మరణించిన గాయకుడి గాథ. ‘గారీ, ఇండియానా 1959’ ఆనాటి ఉక్కు కార్మికుల సమ్మెను ఒక వృద్ధ కార్మికుడి నోట చెప్పిస్తుంది. ఆల్విన్ తండ్రి ఉక్కు కార్మిక సంఘ నిర్వాహకుడు. ఈ పాటకున్న బలం ఆ ఇంటి అనుభవంలోనిదే. 2008లో మరణించిన మిత్రుడు క్రిస్ గాఫ్నీ గొంతు ‘టూ లక్కీ బమ్స్’లో వినిపిస్తుంది. అన్నదమ్ములు యుగళంగా పాడిన తొలి పాట ‘వాట్స్ అప్ విత్ యువర్ బ్రదర్?’ కూడా ఇందులోదే. 2014లో వారిద్దరూ కలిసి ‘కామన్ గ్రౌండ్’ ఆల్బమ్ చేశారు.