పునాది పగులు, కొన్నవారి పూచీ: ఇంటి క్రయంలో కనబడని లోపానికి ఒక చరిత్ర

తెలుగునాట దానశాసనాలలోనూ పాత క్రయ దస్తావేజులలోనూ నిధి, నిక్షేప, జల, పాషాణాదులైన అష్టభోగాల ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. నేలతోపాటు దాని అడుగున దొరికే ధనం, నీరు, రాయి కూడా పుచ్చుకొన్నవారికే చెందుతాయని తాత్పర్యం. భూగర్భంలోని లాభాన్ని ఇంత శ్రద్ధగా లెక్కపెట్టిన సంప్రదాయం అక్కడే దాగిన నష్టాన్ని గురించి ఏమీ చెప్పలేదు. పునాది కుంగి గోడ బీటవారితే ఆ భారం అమ్మినవారిదా, కొన్నవారిదా అన్న ప్రశ్నకు దస్తావేజులో చోటు దొరకలేదు. చతుస్సరిహద్దులు, హక్కు సంక్రమించిన తీరు, తనఖాలు, దాయాదుల తగాదాలు: దస్తావేజు రచన అంతా వీటి చుట్టూనే తిరిగింది. నేడు కొనుగోలుదారు తప్పక తీసే ఈసీ కూడా ఆస్తి మీది అప్పును చూపుతుందే తప్ప గోడలోని పగులును చూపదు.

ఈ మౌనానికి కారణం ఊహించడం కష్టం కాదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత కట్టడం గురించి చెప్పింది గాని కొనడం గురించి కాదు. వాస్తు గ్రంథాల భూపరీక్షలు సైతం కట్టబోయేవారిని ఉద్దేశించినవే. బృహత్సంహిత చెప్పిన ఒక పరీక్షలో మూరెడు గోతిని తవ్వి అదే మట్టితో పూడుస్తారు. మట్టి మిగిలితే నేల మంచిది, చాలకపోతే చెడ్డది. మరొక పరీక్షలో గోతిని నీటితో నింపి, నూరడుగులు నడిచి వచ్చి, నీరు తగ్గిందేమో చూస్తారు. (వానకాలంలో తడిసి ఉన్న నల్లరేగడి ఈ రెండో పరీక్షలో సులభంగానే నెగ్గుతుంది, నీటిని త్వరగా ఇంకనివ్వని బంకమన్ను కదా.) అమ్మకం విషయానికి వస్తే, అర్థశాస్త్రం జ్ఞాతులకు, పొరుగువారికి, ఋణదాతలకు ఆ క్రమంలో కొనే హక్కు ఇచ్చి, విక్రయాన్ని ఇరుగుపొరుగు ఎదుట బహిరంగంగా ప్రకటించమన్నది. ఏళ్ల తరబడి ఆ గోడను చూస్తూ వచ్చిన పొరుగువాడే కొనే చోట దాపరికానికి అవకాశం తక్కువ. కొన్నదాన్ని గురించి గాని అమ్మినదాన్ని గురించి గాని పశ్చాత్తాపపడినవారికి మనుస్మృతి పది రోజుల గడువిచ్చింది. అయితే పునాది లోపం పది రోజుల్లో బయటపడేది కాదు. దానికి ఒక వానకాలమూ ఒక వేసవీ కావాలి.

కొనేవాడు అపరిచితుడు కాగల కాలానికి తగిన సమాధానం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో కనిపిస్తుంది. దాని 55వ సెక్షన్ ప్రకారం, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, ఆస్తిలో గాని హక్కులో గాని ఉన్న ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు వెల్లడించాలి. ఈ బాధ్యతకు మూడు షరతులున్నాయి. లోపం అమ్మేవాడికి తెలిసి ఉండాలి. కొనేవాడికి తెలియకుండా ఉండాలి. సాధారణ జాగ్రత్తతో చూసినా కొనేవాడు కనిపెట్టలేనిదై ఉండాలి. అటువంటి లోపాన్ని చెప్పకపోవడం మోసమేనని ఆ సెక్షనే అంటుంది. కొనేవాడే చూసుకోవాలన్న ఆంగ్ల న్యాయసూత్రంతో పోలిస్తే ఇది ముందడుగే. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు ఈ చట్టం కిందికి వచ్చాయి. నిజాం రాజ్యం దాని పరిధికి వెలుపల ఉండేది. కాని ‘సాధారణ జాగ్రత్త’ అంటే ఎంత జాగ్రత్తో చట్టం నిర్వచించలేదు. నేలను గురించిన జ్ఞానం పెరిగేకొద్దీ ఆ మాట అర్థమూ జరుగుతూ పోయే వీలు అక్కడే ఏర్పడింది.

ఆ జ్ఞానంలో తెలుగునేలకు తన వంతు ఉంది. నల్లమట్టికి భూగోళ గ్రంథాలలో స్థిరపడిన ‘రెగూర్’ అన్న పేరు మన ‘రేగడి’ నుంచి వెళ్లినదే. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల రైతుకు ఈ నేల స్వభావం ఏ గ్రంథమూ చెప్పనక్కరలేదు: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజపు పొరల మధ్యకు నీరు చేరడమే ఈ ఉబ్బుకు మూలం. ఇంటి నడిమి నేలలో తేమ ఇంచుమించు నిలకడగా ఉంటే, గోడల అంచున అది ఋతువును బట్టి మారుతుంది. ఫలితంగా లోతు చాలని పునాది ఒక చోట లేచి మరొక చోట దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, ఇటుకల కీళ్ల వెంట మెట్లు మెట్లుగా పగులు పాకుతుంది. పూత ఆరినప్పుడు వచ్చే సన్నని గీత వచ్చినచోటే ఉండిపోతుంది. ఈ పగులు వెడల్పు మాత్రం ఋతువుతో మారుతుంది. పగులు మీద గాజుముక్కను అడ్డంగా అతికించి, అది విరుగుతుందేమో నెలల తరబడి గమనించే పాత పద్ధతి ఉద్దేశం ఆ కదలికను పట్టుకోవడమే.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ అనుభవజ్ఞానం ప్రమాణాల రూపం పొందింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గంటలా వెడల్పయ్యే పైల్ పునాదులను అభివృద్ధి చేసింది. లోతైన ఉబ్బుడు నేలల్లో అటువంటి పైల్ కనీసం 3.5 మీటర్లు దిగాలని 1980 నాటి భారతీయ ప్రమాణం నిర్దేశించింది. పునాది కింద ఉబ్బని బంకమట్టి పొర పరిచే పద్ధతిని బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి రూపొందించారు. 1977 ప్రమాణంలోని పరీక్ష మరీ సులభం. పది గ్రాముల మట్టిపొడిని ఒక కొలజాడీలో నీటిలోనూ, మరో పది గ్రాములను ఇంకొక జాడీలో కిరోసిన్‌లోనూ వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండు మట్టాల తేడాయే నేల స్వభావాన్ని చెబుతుంది.

ఈ పురోగతి కట్టేవారికి మేలు చేసింది. కొనేవారికి మాత్రం రెండువైపులా పదునున్న కత్తి అయింది. నేల గుణం తెలుసుకొనే మార్గం ఇంత చౌకగా ఉన్నప్పుడు, ‘ఇది రేగడి నేల అని ఊరంతటికీ తెలుసు, ఇంజినీరుకు చూపించుకోవలసింది’ అనే వాదనకు అమ్మేవాడికి బలం చేకూరుతుంది. లోపం కనుగొనే సాధనాలు పెరిగేకొద్దీ ‘కనబడని లోపం’ అన్న రక్షణ కుంచించుకుపోయే ప్రమాదం ఉంది. చట్టచరిత్రకారులు ఈ విపర్యయాన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది.

బిల్డర్ల దగ్గర కొనేవారికి ఈ చిక్కు కొంత తీరింది. 1986 వినియోగదారుల రక్షణ చట్టంలోని ‘సేవ’ నిర్వచనంలోకి 1993 సవరణ గృహనిర్మాణాన్ని చేర్చింది. సవరణకు ముందు సైతం అది సేవేనని అదే ఏడాది లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2016 రెరా చట్టం 14వ సెక్షన్ మరింత ముందుకు వెళ్లింది. స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని ప్రమోటరు అదనపు రుసుము లేకుండా 30 రోజుల్లో సరిచేయాలి. ఇక్కడ అమ్మినవాడికి తెలుసా, కొన్నవాడు చూడగలిగేవాడా అన్న ప్రశ్నలే లేవు. మనువు పది రోజుల స్థానంలో ఐదు వానకాలాలు వచ్చాయి.

ఈ రక్షణ ప్రమోటరు కట్టి అమ్మినదానికే. ఒక కుటుంబం తాను ఇరవై ఏళ్లు కాపురమున్న ఇంటిని మరొక కుటుంబానికి అమ్మినప్పుడు వ్యవహారం తిరిగి 1882 నాటి మాటలకే చేరుతుంది. దానికి తోడుగా నిలిచే 1872 కాంట్రాక్టు చట్టంలో ఒక సూక్ష్మభేదముంది. లోపాన్ని గురించి కేవలం మౌనం వహించినవాడు, కొనేవాడికి సత్యం తెలుసుకొనే వీలుందని చూపి, 19వ సెక్షన్ మినహాయింపు కింద తప్పించుకోవచ్చు. లోపాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చినవాడికి ఆ దారి లేదు. 17వ సెక్షన్‌లో అది వేరే తరగతి మోసం. పగులును పుట్టీతో పూడ్చి రంగు వేయడం ఈ రెండో తరగతికి చెందుతుంది. అయితే సంక్రాంతికి ఇంటికి వెల్ల వేయడం తెలుగు ఇళ్లలో ఏటా జరిగే పని. ఆ సున్నం పండుగకు వేసినదా, బేరానికి వేసినదా అని రుజువు చేసే బరువు కొన్నవారి మీదనే ఉంది.