హార్మోన్లు: కోడిపుంజు నుంచి ఇన్సులిన్ దాకా

మన పెన్షనర్లు నలుగురు కలిసినచోట డి.ఆర్. బకాయిల తరువాత ఎక్కువగా వినబడే మాటలు రెండు: షుగరు, థైరాయిడ్. రెండూ హార్మోన్లకు సంబంధించినవే. జంతుశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి గనుక, ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు ఈ హార్మోన్ల చరిత్రనే ఎంచుకున్నాను.

లాలాజల గ్రంథి వంటివి తమ స్రావాన్ని నాళం ద్వారా పంపుతాయి. పీయూష, అవటు, అధివృక్క గ్రంథులకు నాళాలు లేవు. అవి తమ స్రావాన్ని నేరుగా రక్తంలో కలుపుతాయి. అందుకే వీటిని వినాళ గ్రంథులన్నారు. క్లోమం మాత్రం రెండు పనులూ చేస్తుంది. జీర్ణరసాన్ని నాళం ద్వారా ప్రేగులోకి, ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతుంది.

ఈ సంగతి మొదట కోడిపుంజుల వల్ల బయటపడింది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని పుంజుల వృషణాలు తీసివేశాడు. వాటి తురాయి పెరగలేదు, కూతా పోట్లాటా లేవు. వృషణాన్ని తిరిగి కడుపులో పెట్టిన పుంజులు మాత్రం మామూలు పుంజులలాగే పెరిగాయి. పాత నరాల సంబంధం తెగినా పని జరిగింది కాబట్టి, ప్రభావం రక్తం ద్వారానే వస్తోందని ఆయన గ్రహించాడు.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. ప్రేగుకు వెళ్లే నరాలు తెంచినా, ఆమ్లం తగలగానే క్లోమరసం ఊరింది. ప్రేగు లోపొరను గీకి, ఆమ్లంతో నూరి, ఆ సారాన్ని రక్తంలోకి ఎక్కించినా అలాగే ఊరింది. ఆ పదార్థానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి పదార్థాలన్నిటికీ స్టార్లింగ్ 1905లో ‘హార్మోన్’ అనే మాట వాడాడు. ఉత్తేజపరచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందది.

వైద్యం అంతకుముందే మొదలైంది. 1891లో ఇంగ్లండులో డాక్టర్ ముర్రే, అవటు గ్రంథి పనిచేయక ఒళ్లంతా ఉబ్బిపోయిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె అవటు గ్రంథి సారం ఇంజక్షన్‌గా ఇచ్చాడు. తరువాత నోటి ద్వారానే ఇచ్చారు. ఆమె 74వ ఏట, 1919లో కన్నుమూసింది.

మధుమేహం కథ మరీ ఆసక్తికరం. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసివేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో కెనడాలోని టొరంటోలో మెక్లియాడ్ ప్రయోగశాలలో బాంటింగ్, బెస్ట్ క్లోమం నుంచి మందు తీశారు. కోలిప్ దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి మొదటి ఇంజక్షన్ ఇచ్చారు. అంతగా ఫలించలేదు. జనవరి 23న శుద్ధి చేసిన మందు ఇస్తే చక్కెర దిగింది. చావు అంచున ఉన్న ఆ కుర్రవాడు మరో 13 ఏళ్లు జీవించాడు. దానిపై పేటెంటు హక్కును విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకే ఇచ్చివేశారు. చాలాకాలం పశువుల, పందుల క్లోమాల నుంచి తీసిన ఇన్సులిన్, 1982 నుంచి మానవ ఇన్సులిన్ రూపంలోనే బాక్టీరియా ద్వారా తయారై మార్కెట్టుకు వచ్చింది.

థైరాయిడ్‌కు మాత్ర సరిపోతే ఇన్సులిన్‌కు సూది ఎందుకని చాలామంది అడుగుతారు. థైరాయిడ్ హార్మోన్ చిన్న అణువు, జీర్ణం కాకుండా రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే పప్పులోని ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది.

రక్తంలో వచ్చిన హార్మోన్లలో చాలా వరకు కణం పైనున్న గ్రాహకాన్ని తాకి కబురు అందిస్తాయి. ఎడ్రినలిన్ వంటివి లోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అనే రెండో వార్తాహరుణ్ణి పుట్టిస్తాయి. దీన్ని కనుగొన్న సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సైక్లిక్ ఎ.ఎం.పి. తయారయ్యేది ఎ.టి.పి. నుంచి. ఆ ఎ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు కావడం మనకు గర్వకారణం.

మన వయసువారి మధుమేహంలో మొదట ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట వినవు. ఏళ్లు గడిచేకొద్దీ ఉత్పత్తి కూడా తగ్గుతుంది. అందుకే కొందరికి మాత్రలు చాలక ఇన్సులిన్ కావలసి వస్తుంది. అది చివరి దశకు గుర్తు కాదు. నాతో పనిచేసిన మిత్రుడొకరు “ఇన్సులిన్ మొదలుపెడితే ఇక అంతే” అనే భయంతో రెండేళ్లు వాయిదా వేశారు. కాలి పుండు మానక రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. ఇప్పుడాయన రోజూ సూది తానే వేసుకుని, చేతికర్రతో సంఘం మీటింగులకు వస్తున్నారు.

కనుక డాక్టరుగారు చెప్పకుండా థైరాయిడ్ మాత్ర గాని, ఇన్సులిన్ గాని ఎవరూ మానవద్దని మనవి. ఇన్సులిన్ వాడేవారికి చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ రెండు మాటలు ఇంట్లో కోడళ్లకు, మనుమలకు కూడా చదివి వినిపించండి.