పీడనం - ద్రవీభవన స్థానం: పాతబస్తీ ఉదాహరణలతో

మంచు, ఉప్పు, ఇనుము వంటి స్ఫటిక పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కో నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కరుగుతాయి. పీడనం మారితే ఆ ఉష్ణోగ్రత, అంటే ద్రవీభవన స్థానం, కూడా మారుతుంది. ఎటు మారుతుందనేది ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. కరిగినప్పుడు ఉబ్బే పదార్థాన్ని నొక్కితే అది కరగడానికి మొరాయించి మరింత వేడి అడుగుతుంది. కరిగినప్పుడు కుంచించుకుపోయేదాన్ని నొక్కితే తక్కువ వేడికే కరుగుతుంది. లోహాలు, శిలలు, మైనాలు దాదాపు అన్నీ మొదటి రకం. రెండో రకంలో నీటి మంచు, బిస్మత్, గాలియం, సిలికాన్ వంటివి కొన్నే ఉన్నాయి.

మార్పు ఎంత స్వల్పమో హైదరాబాద్‌లోనే చూడవచ్చు. నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం కొంచెం తక్కువ. అందుకే చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్లో నీళ్లు 98 డిగ్రీల సెల్సియస్ చేరగానే మరుగుతాయి. అదే హోటల్లోని ఐసుగడ్డ కరిగే ఉష్ణోగ్రత మాత్రం సముద్రతీరంతో పోలిస్తే డిగ్రీలో పదివేలింట నాలుగో అయిదో వంతులు పెరుగుతుంది, అంతే. కారణం, నీరు ఆవిరైతే ఘనపరిమాణం వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. మంచు కరిగితే తగ్గేది పన్నెండో వంతు మాత్రమే.

పీడనంతో ద్రవీభవన స్థానం మారుతుందన్న సంగతి ప్రయోగశాలకంటే ముందు కాగితం మీద తేలింది. 1834లో ఫ్రెంచి ఇంజనీరు క్లాపెరాన్ ఆవిరి పీడనానికీ, ఉష్ణోగ్రతకూ, గుప్తోష్ణానికీ సంబంధం చూపే సమీకరణం రాశాడు. 1849లో జేమ్స్ థామ్సన్ ఆవిరికి బదులు మంచుతో నడిచే యంత్రాన్ని ఊహించాడు. నీరు గడ్డకడుతూ ఉబ్బి, పైనున్న బరువును ఎత్తుతుంది. సున్నా డిగ్రీల దగ్గరే గడ్డకట్టి మళ్లీ అక్కడే కరిగితే, ఉష్ణోగ్రతలో తేడా ఏమీ లేకుండానే ఊరికే పని దక్కాలి. ప్రకృతిలో అది చెల్లదు. కనుక బరువు కింద ఉన్న నీరు సున్నాకంటే కాస్త దిగువన గడ్డకట్టి తీరాలి. అట్మాస్ఫియర్‌కు 0.0075 డిగ్రీల చొప్పున దిగుతుందని ఆయన లెక్క తేల్చాడు. మరుసటి ఏడు ఆయన తమ్ముడు విలియం, తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, ఈథర్ నింపిన సున్నితమైన థర్మామీటరుతో కొలిచాడు. 16.8 అట్మాస్ఫియర్ల దగ్గర తగ్గుదల 0.13 డిగ్రీలకు అటూ ఇటూగా వచ్చింది. అన్న లెక్క ప్రకారం రావలసింది 0.126. భౌతికశాస్త్ర చరిత్రలో సిద్ధాంతం ఇంత త్వరగా, ఇంత పొందికగా రుజువైన సందర్భాలు ఎక్కువ లేవు. అదే 1850లో జర్మనీలో బున్సెన్ తిమింగలం మైనాన్ని నొక్కి చూశాడు. 156 అట్మాస్ఫియర్ల కింద దాని ద్రవీభవన స్థానం మూడు డిగ్రీలకు పైగా పెరిగింది. రెండు రకాలూ అలా ఒకే ఏడాదిలో రుజువయ్యాయి.

మంచు విషయంలో ఒక అపోహ మాత్రం ఇప్పటికీ పాఠాల్లో తిరుగుతోంది. ఎండాకాలం పాతబస్తీలో గోలా బండి దగ్గర నిలబడితే దాన్ని కళ్లారా పరీక్షించవచ్చు. బండివాడు ఐసుగడ్డను బ్లేడు మీద తురిమి, ఆ పొడిని పుల్ల చుట్టూ అరచేతిలో గట్టిగా అదుముతాడు. రెండు మూడు అదుములకే పొడి ముద్దై నిలుస్తుంది, దాని మీద రంగు షర్బత్ పోస్తాడు. పీడనానికి మంచు కరిగి, చెయ్యి తియ్యగానే మళ్లీ గడ్డకట్టిందనీ, దీన్నే పునర్ఘనీభవనం అంటారనీ మాస్టర్లు చెబుతారు. లెక్క వేసి చూడండి. అరచేతి మేర పది కిలోల బరువుతో నొక్కినా అదనపు పీడనం అర అట్మాస్ఫియర్ కూడా ఉండదు. ద్రవీభవన స్థానం డిగ్రీలో వెయ్యింట నాలుగు వంతులు కూడా దిగదు. 1850లో ఫారడే చెప్పిన కారణమే ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. మంచు పైపొర సున్నా కంటే దిగువన కూడా పలుచని నీటిపొరలా ఉంటుంది, రెండు ముక్కలు తాకితే ఆ పొర మధ్యన చిక్కి గట్టిపడుతుంది. 1872లో బాటమ్లీ చూపిన ప్రయోగంలో, బరువులు కట్టిన సన్నని తీగ మంచుదిమ్మెను చీల్చుకుంటూ దిగుతుంది, పైన దిమ్మె మళ్లీ అతుక్కుంటుంది. అక్కడ పీడనం పాత్ర నిజమే. అయినా రాగితీగ దిగినంత వేగంగా నైలాను దారం దిగదు. వేడిని చేరవేసే గుణం కూడా కలిసివస్తేనే ఆ ప్రయోగం రక్తికడుతుంది.

పీడనం బాగా పెరిగితే మంచు స్వభావమే మారిపోతుంది. ద్రవీభవన స్థానం దిగుతూ దిగుతూ సుమారు 2,070 అట్మాస్ఫియర్ల దగ్గర మైనస్ 22 డిగ్రీలకు చేరి ఆగుతుంది. ఆపైన వేరే స్ఫటిక నిర్మాణంతో, నీటికంటే బరువైన మంచు వస్తుంది, ద్రవీభవన స్థానం మళ్లీ పైకి ఎక్కుతుంది. టమ్మన్ 1900లో ఇలాంటి కొత్త మంచులను కనుగొన్నాడు. అమెరికాలో బ్రిడ్జ్‌మన్ వాటి జాబితా పెంచాడు, 1946లో నోబెల్ అందుకున్నాడు. ముప్ఫై వేల అట్మాస్ఫియర్ల కింద నీరు వంద డిగ్రీలు దాటినా గడ్డగానే ఉంటుంది.

మక్కా మసీదు కట్టిన గ్రానైటు కథ ఇంకోలా ఉంటుంది. నగరం కింద ఉన్న ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నీరు లేని గ్రానైటును నొక్కితే, మిగతా శిలల్లాగే దాని ద్రవీభవన స్థానం పెరుగుతుంది. నీటి ఆవిరిని కలిపి నొక్కితే మాత్రం పడిపోతుంది. 1958లో టటిల్, బోవెన్ ప్రచురించిన ప్రయోగాల్లో, మామూలు పీడనం దగ్గర 950 డిగ్రీల పైన కరిగే మిశ్రమం, నీరు చేరి వేల అట్మాస్ఫియర్ల పీడనం పడగానే 700 డిగ్రీల లోపే కరిగింది. పీడనం పెరిగేకొద్దీ ఎక్కువ నీరు శిలాద్రవంలో ఇముడుతుంది, అదే రాయిని కరిగిస్తుంది. గ్రానైటు భూగర్భంలో కరిగిన స్థితి నుంచే పుట్టిందా అన్న పాత తగవులో ఈ ప్రయోగాలు అవునన్న పక్షానికి పెద్ద బలం ఇచ్చాయి.

నగరానికి పడమర వికారాబాద్ వైపు వెళితే గ్రానైటు పోయి నల్లని దక్కన్ బసాల్టు తగులుతుంది, నేల నల్లరేగడి అవుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ లావా పుట్టడంలో పీడనం తగ్గడానికి పెద్ద పాత్ర ఉంది. భూమి లోపలి వేడి రాయి పైకి లేచేకొద్దీ నెత్తిమీది బరువు తగ్గింది, దాంతో ద్రవీభవన స్థానం దిగింది. రాయి తన వేడితోనే కరగసాగింది. ఇంకా లోతున, భూకేంద్రంలో ఇనుము 5,000 డిగ్రీలు దాటినా ఘనంగానే ఉండటానికి కారణం అక్కడి పీడనం 30 లక్షల అట్మాస్ఫియర్లకు మించి ఉండటమే. మామూలుగా ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది.

పాతబస్తీ అంచున కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిధాని సంస్థ ప్రత్యేక ఉక్కులు, సూపర్ అల్లాయ్‌లు, టైటానియం తయారుచేస్తుంది. అక్కడి కొలుములు కొన్ని శూన్యంలో నడుస్తాయి. గాలి తీసేస్తే లోహం సులువుగా కరుగుతుందని అనిపించవచ్చు కానీ, ఒక్క అట్మాస్ఫియర్ తగ్గినందుకు ఇనుము ద్రవీభవన స్థానంలో వచ్చే తేడా డిగ్రీలో వెయ్యింట మూడు నాలుగు వంతులే. కరిగిన లోహంలోని హైడ్రోజన్, నత్రజని వంటి వాయువులు బయటికి పోవడానికీ, వేడి టైటానియం ఆక్సిజన్‌ను తాగెయ్యకుండా ఆపడానికీ ఆ శూన్యం కావాలి.