అవ్వ గవ్వలు

ఇంత దగ్గరికి జరుగు బిడ్డా, చలి ముదిరింది. ఆ కందికట్టె రెండు మంటలకు ఎగదొయ్. రోమోళ్ల పాచికలాట ఎట్లాడుతరని అడిగినవ్ గదా, చెప్త. గని ముందుగాల మా అవ్వ ఆట చెప్తెనే అది నీకు తెలుస్తది.

మన తుంగతుర్తిల అప్పుడు కరెంటు లేదు. కోతలైనంక ఆడోళ్లు అరుగు మీద కూసుండి అష్టాచెమ్మ ఆడెటోళ్లు. బొగ్గుతోటి 25 ఇండ్లు గీసి, నాలుగు దిక్కుల నడిమిండ్లకు, మధ్యింటికి అడ్డగీతలు కొట్టేది. ఆ నాలుగు దిక్కుల ఇండ్లే ఆడేటోళ్ల సొంతిండ్లు. గవ్వలు నాలుగు. అవి మన చెరువుల పుట్టినయి కావు, సముద్రానివి. ఎక్కన్నో మాల్దీవుల దిక్కు నుంచి వ్యాపారం మీద వచ్చేటివి. గవ్వలు లేనోళ్లు చింతగింజలు బండకు రాకి ఒకదిక్కు తెల్లగ చేసుకునేటోళ్లు. తలా నాలుగు కాయలు: గాజుముక్కలో, పుల్లలో, ఏది దొరికితే అది.

నోరు పైకి పడ్డ గవ్వలెన్నో అన్ని ఇండ్లు నడవాలె. నాలుగూ పైకి పడితే చెమ్మ, నాలుగూ బోర్ల పడితే అష్ట, అంటే 8. ఆ రెండు పడ్డోళ్లకు మళ్ల ఏసుడు. బయటి 16 ఇండ్లు ఒకదిక్కు, లోపలి 8 ఇండ్లు ఇంకోదిక్కు తిరిగి మధ్యింట్ల కాయ పండాలె. గీతకొట్టిన ఇంట్ల ఉన్నదాన్ని ఎవ్వరు ముట్టరు. కడమ ఇండ్లల్ల దొరికితే చంపుడే, చచ్చిన కాయ మళ్ల మొదటికి పోవాలె. ఒక్కదాన్నన్న చంపనోళ్లను లోపలికి రానియ్యకపోదురు.

మా అవ్వ గవ్వలను దోసిట్ల గలగలమనిపిస్తుంటె నాకు నిద్ర పట్టకపోయేది. ఒకనాడు ఆమెకు మూడు కాయలు పండినయ్. నాలుగోది గీతింట్ల భద్రంగ ఉంది. ఒక్కటే పడితే ముందటిల్లు ఖాళీ, మూడు పడితే శత్రువు ముంగటికే పోవాలె. మూడే పడ్డయి. ఇంకో కాయ లేదాయె, జరపక తప్పలె. పక్కింటామె రెండు ఏసి చంపింది. అవ్వ నోరెత్తలే. గవ్వలు ఏరి కొంగుల కట్టుకున్నది.

బడిపంతులునైనంక పుస్తకంల జీనో ముచ్చట చదివితె నాకు అవ్వనే యాదికొచ్చింది. 474 నుంచి 491 దాక కాన్‌స్టాంటినోపుల్‌ల రోము చక్రవర్తి ఆయన. వాళ్ల ఆటకు తాబుల అని పేరు. 24 ఇండ్లు, తలా 15 కాయలు, మూడు పాచికలు. జంటగున్న కాయలను ముట్టరాదు, ఒంటిగ చిక్కినదాన్ని కొట్టి మొదటికి పంపొచ్చు. జీనోకు 2, 5, 6 పడ్డయి. జంటలన్నీ విడగొట్టక తప్పలె, ఎనిమిది కాయలు ఒంటిగ మిగిలినయి. అంత పెద్ద చక్రవర్తి! ఆ ఓటమిని అగాతియస్ అనే కవి పద్యంల పెట్టిండు. అందుకే ఆ ఆట కట్టు ఇయ్యాల్టికి మనకు తెలుస్తున్నది.

అంతకుముందు వాళ్లది 36 ఇండ్ల ఆట. మూడు వరుసలు, వరుసకు 12. కొన్ని పలకల మీద ఇండ్లకు బదులు అక్షరాలే చెక్కిండ్రు. ఆరు మాటలు, మాటకు ఆరక్షరాలు. చదివితే సుద్ది, ఆడితే ఆట. నాకది ఎంత నచ్చిందో!

రోము మనకు దూరమనుకోకు బిడ్డా. నల్లగొండ దిక్కు అక్కనపల్లిల రోము వెండి నాణేలు వెయ్యికి పైగా దొరికినయి, అగస్టస్, తిబేరియస్ కాలంవి. మన పక్కనే ఉన్న ఫణిగిరి బౌద్ధ గుట్ట మీద 2024ల ఒక్క కుండల్నే 3730 సీసం నాణేలు బయటపడ్డయి. అవి ఇక్ష్వాకులయి. అన్ని దేశాల సరుకు తిరిగిన తొవ్వలియ్యి. ఎడ్లబండ్లు ఆగిన కాడ, రాత్రి నెగడు పక్కన ఆట లేకుండ ఎట్లుంటది?

ఇగో, ఈ గుడ్డమూటల ఉన్నయి అవ్వ గవ్వలే. ఒకదాని అంచు పలిగింది, అయినా సక్కగనే పడ్తది. పొయ్యిలకెల్లి ఒక బొగ్గు తీస్కరా, గీద్దాం. ముందుగాల నువ్వే ఎయ్యి.